అటక దిగిన పటాలం

వందేళ్ల నాటి సీసపు సిపాయిలకు మళ్లీ కొలువు... బల్ల మీద యుద్ధాలకు సిద్ధం... ఆ పెట్టెల్లో మన ‘తిలంగా’ కూడా!

దసరాకో, సంక్రాంతికో అటక మీంచి కొలువు బొమ్మల పెట్టె దించుతారు. పాత చీరల మడతల్లోంచి ఒక్కో బొమ్మే బయటికొస్తుంది. శెట్టిగారి ముక్కు రంగు లేచిపోయి ఉంటుంది. పెళ్లి ఊరేగింపులో పల్లకీ మోసే బోయీ చెయ్యి విరిగి ఉంటుంది. ‘ఈసారికి ఇలాగే పెట్టేద్దాం’ అంటుంది అమ్మ. ‘కాదు, అతికించి పెడదాం’ అంటుంది అమ్మమ్మ. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా తెలుగిళ్లలో ఏటా జరిగే ముచ్చటే ఇది.

ఇలాంటి ముచ్చటే ఐరోపాలోనూ, అమెరికాలోనూ జరుగుతోంది. కాకపోతే అక్కడ పెట్టెలోంచి బయటికొచ్చేవి దేవుళ్లూ, శెట్టిగారూ కాదు... సిపాయిలు! వేలెడంత ఎత్తు కూడా ఉండరు. ఎర్ర కోట్లు, నీలం కోట్లు తొడుక్కుని, తుపాకులు భుజాన వేసుకుని నిలబడి ఉంటారు. 19వ శతాబ్దంలో తగరంతోనో, సీసంతోనో పోత పోసిన బొమ్మలివి. వీటిని అద్దాల బీరువాలో పెట్టి మురిసిపోవడంతో సరిపెట్టకుండా, దుమ్ము దులిపి, విరిగినవి అతికి, బల్ల మీద బారులు తీర్చి మళ్లీ యుద్ధాలు ఆడేవాళ్లున్నారు. ఈ ఆటకు ‘వార్‌గేమింగ్’ అని పేరు.

పిల్లలాటే కదా అని తీసిపారేయడానికి లేదు. ఆ పెట్టెల అడుగున, జనరళ్ల గుర్రాల పక్కన, తలపాగా చుట్టుకున్న నల్లటి మనిషి ఒకడు ఉంటాడు. వాడు మనవాడే. వాడి సంగతి తెలుసుకోవాలంటే ముందు ఈ బొమ్మల సంగతి తెలియాలి.

చెంచా కరిగించి సిపాయి

డెన్మార్కు రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1838లో ఒంటికాలి తగరపు సిపాయి కథ రాశాడు. ఒక పాత తగరపు చెంచాను కరిగించి 25 మంది సిపాయిల్ని పోస్తారు. చివరివాడికి వచ్చేసరికి తగరం చాలదు. అందుకే వాడికి ఒకటే కాలు. మన దగ్గర కూడా ఎన్నో పిల్లల పుస్తకాల్లో ఈ కథ వచ్చింది. ఆ రోజుల్లో బొమ్మ సిపాయిలు నిజంగా తయారైంది అలాగే.

వీటికి పుట్టినిల్లు జర్మనీలోని న్యూరెంబర్గ్. 18వ శతాబ్దం చివర్లోనే హిల్పెర్ట్ కుటుంబం అక్కడ తగరపు బొమ్మలు పోసింది. నల్లటి పలకరాయి మీద మనిషి ఆకారాన్ని సన్నగా చెక్కుతారు. అలాంటి రెండు రాళ్లను జోడించి, మధ్యలో కరిగిన లోహం పోస్తారు. బయటికొచ్చే బొమ్మ నాణెంలా పలచగా ఉంటుంది. ముందు నుంచి చూస్తే సిపాయి, పక్క నుంచి చూస్తే గీత! తర్వాత అదే ఊళ్లో హైన్‌రిక్సెన్ సంస్థ దాదాపు 30 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలకు పేరు తెచ్చింది. ఆ కొలతే చాలామందికి ప్రమాణమైంది.

ఫ్రాన్స్‌లో, జర్మనీలోని డ్రెస్డెన్‌లో నిండుగా ఉండే గట్టి బొమ్మలు పోశారు. చూడ్డానికి బాగుండేవి. బరువెక్కువ, ఖరీదూ ఎక్కువే. ఆ లెక్క మార్చింది లండన్‌కు చెందిన విలియం బ్రిటన్ కుటుంబం. 1893లో వాళ్లు బోలు పోత పద్ధతి తెచ్చారు. ఉపాయం చాలా సులువు. కరిగిన సీసాన్ని అచ్చులో పోస్తారు. అచ్చు గోడల దగ్గర సీసం గట్టిపడగానే అచ్చును తిరగేస్తారు. లోపల ఇంకా గట్టిపడని సీసం చిన్న కంతలోంచి కారిపోతుంది. లోపల బోలు, పైన పెంకు. సీసం ఆదా, బరువు ఆదా, రవాణా ఖర్చు ఆదా. దాంతో దొరబాబుల ఇళ్లకే పరిమితమైన సిపాయిలు మధ్యతరగతి ఇళ్లకూ చేరారు. బ్రిటన్స్ బొమ్మల ఎత్తు 54 మిల్లీమీటర్లు. నేటికీ పెద్ద సైజు బొమ్మలకు అదే కొలత.

ఆట ఎక్కడ మొదలైంది?

చదరంగం మనకు కొత్త కాదు. ఏనుగులు, గుర్రాలు, రథాలు, బంట్లు కలిసిన సేనే అందులో ఉన్నది. అరుగు మీద సుద్దతో గీసుకునే పులీ మేకా యుద్ధమే. అయితే నిజమైన నేలను, నిజమైన ఫిరంగి గుండు వేగాన్ని లెక్కలోకి తీసుకుని ఆడే ఆటను ప్రష్యా సైనికాధికారులు తయారు చేశారు. 1812లో రైస్విట్జ్ అనే ఆయన కొండలు, ఏళ్లు ఉన్న బల్లను ప్రష్యా రాజుకు సమర్పించాడు. 1824లో ఆయన కొడుకు దానికి పకడ్బందీగా నియమాలు రాశాడు. పాచికలు వేసి నష్టం లెక్కగట్టడం, మధ్యవర్తిగా ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టడం అప్పుడే వచ్చాయి. ఆ ఆటకు క్రీగ్‌స్పీల్ అని పేరు. 1870-71లో ప్రష్యన్లు ఫ్రాన్స్‌ను ఓడించాక మిగతా దేశాల సైన్యాలన్నీ ఆ ఆట వైపు చూశాయి.

బొమ్మ సిపాయిలతో ఆడటం మాత్రం రచయితల ఇళ్లలో బాగా సాగింది. ‘ట్రెజర్ ఐలండ్’ రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1880ల మొదట్లో ఆరోగ్యం కోసం స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో ఉన్నప్పుడు, సవతి కొడుకుతో కలిసి నేల మీద సుద్దతో పటం గీసి, తగరపు సిపాయిలతో రోజుల తరబడి యుద్ధం నడిపాడు. ఇక హెచ్.జి.వెల్స్ అయితే 1913లో ‘లిటిల్ వార్స్’ పేరుతో ఏకంగా పుస్తకమే వేశాడు. బ్రిటన్స్ సంస్థ చేసిన స్ప్రింగ్ ఫిరంగితో కొయ్య గుండ్లు పేల్చి సీసపు సిపాయిల్ని పడగొట్టడం ఆ ఆట. యుద్ధం చేయాలనే సరదా ఉంటే ఇలా బొమ్మలతో తీర్చుకోండి, నిజం యుద్ధం జోలికి పోకండి అని వెల్స్ చివర్లో గట్టిగానే చెప్పాడు. ఆయన మాట ఎవరు విన్నారు? ఏడాది తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

బెంగళూరు దండుకొచ్చిన బాబు

బొమ్మ సిపాయిలు జీవితాన్నే మలుపు తిప్పిన వ్యక్తి విన్‌స్టన్ చర్చిల్. చిన్నప్పుడు ఆయన దగ్గర దాదాపు 1,500 సిపాయిలుండేవి. ఒకరోజు తండ్రి గదిలోకొచ్చి, బారులు తీరిన సేనను చాలాసేపు చూసి, సైన్యంలో చేరతావా అని అడిగాడట. పిల్లాడు చేరతానన్నాడు. తనలో గొప్ప సేనాని కనిపించాడు కాబట్టి నాన్న అలా అడిగాడని ఏళ్ల తరబడి మురిసిపోయాడు. లా చదువుకు పనికిరాడనుకునే అలా అడిగాడని పెద్దయ్యాక గానీ తెలియలేదు!

ఆ పిల్లాడే 1896లో కుర్ర అధికారిగా బెంగళూరు దండుకు వచ్చాడు. బెంగళూరు క్లబ్బులో ఆయన ఎగ్గొట్టిన 13 రూపాయల బాకీ కథ ఆ నగరంలో ఉంటున్న తెలుగువాళ్లలో చాలామందికి తెలిసిందే. కంటోన్మెంటును ఇప్పటికీ పాతతరం కన్నడిగులు ‘దండు’ అనే అంటారు.

పెట్టె మూత తీయగానే...

సరే, తాతలనాటి పెట్టె దొరికింది. ఇప్పుడేం చెయ్యాలి? అనుభవజ్ఞులు చెప్పే మొదటి మాట- ఏమీ చేయకండి. గబగబా సబ్బునీళ్లలో ముంచడం, బ్రష్షుతో తోమడం వద్దు. ముందు ఫొటోలు తీయాలి. ఏ బొమ్మ ఏ పెట్టెలో, ఏ వరసలో ఉందో రాసుకోవాలి. పాత అట్టపెట్టె మీద ఉండే చీటీ ఒక్కోసారి లోపలి బొమ్మకంటే విలువైనది. తయారు చేసినవాళ్ల పేరు, ఆ రెజిమెంటు పేరు దాని మీదే ఉంటాయి.

తర్వాత చూడాల్సింది ‘సీసం చీడ’. కొన్ని బొమ్మల మీద బూడిదరంగు, తెలుపు కలిసిన పొడి కనిపిస్తుంది. పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుంది. బూజు అనుకుని ఊదేస్తే ప్రమాదం. అది సీసం తినేయబడగా మిగిలిన పొడి. ఊపిరితో లోపలికి పోతే విషం.

ఇంతకీ ఈ చీడకు కారణం ఎవరనుకుంటున్నారు? బొమ్మల్ని భద్రంగా దాచిన బీరువాయే! ఓక్ లాంటి కొన్ని రకాల కలప నుంచి, చవకరకం అట్ట నుంచి, కొన్ని జిగురుల నుంచి వెనిగర్‌లో ఉండేలాంటి ఆమ్లపు ఆవిరి వస్తుంది. తలుపులు బిగించిన బీరువాలో, తేమలో ఆ ఆవిరి సీసాన్ని నెమ్మదిగా కొరికేస్తుంది. ప్రేమతో ఖరీదైన చెక్క బీరువా చేయించి దాచినవాళ్ల బొమ్మలు పాడయ్యాయి. పట్టించుకోకుండా రేకు డబ్బాలో పడేసినవాళ్లవి బతికాయి.

చీడ పట్టినవాటిని వెంటనే వేరు చేయాలి. చేతికి తొడుగు, మూతికి మాస్కు తప్పనిసరి. పొడిని తడిగుడ్డతోనే తీయాలి. బాగున్నవాటిని ఆమ్లం లేని కాగితంలో చుట్టి, గాలాడే రేకు పెట్టెలకో, రసాయనాలు వదలని ప్లాస్టిక్ పెట్టెలకో మార్చాలి. పూర్తిగా తినేసినదాన్ని ఎవరూ బతికించలేరు.

అగ్గిపుల్లతో అతుకు

బోలు బొమ్మలకు మెడ బలహీనం. పాత పెట్టెల్లో మొండేలు ఒకవైపు, తలకాయలు ఒకవైపు దొర్లుతుంటాయి. దీనికి వందేళ్లుగా వాడుతున్న చిట్కా- అగ్గిపుల్ల. మొండెం లోపల బోలే కాబట్టి, పుల్ల ముక్కను మెడలో దూర్చి, పైన తలను గుచ్చుతారు. ఆనాటి పిల్లలు చేసిన అగ్గిపుల్ల అతుకులు ఇప్పటికీ కనిపిస్తుంటాయి.

గట్టి బొమ్మలకైతే సూదంత డ్రిల్లుతో రెండువైపులా కంత పెట్టి, సన్నటి ఇత్తడి తీగ దూర్చి, జిగురు వేస్తారు. చేజారిన కత్తులకు, బయొనెట్లకు కూడా ఇత్తడి తీగే గతి. ఎగిరిపోయిన వేళ్లూ, టోపీ అంచులూ రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీతో దిద్దుతారు. మన ఇళ్లలో నీళ్ల ట్యాంకు కంతలకు పెట్టే ఎం-సీల్ లాంటిదే అది. కొండపల్లి బొమ్మల వాళ్లు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేసే పని ఇదే. పదార్థం వేరు, పనితనం ఒకటే.

ఇక ఆటకు దించాలంటే పాదాల కింద పీట కావాలి. 19వ శతాబ్దపు బొమ్మను ఆటగాళ్లు పదే పదే వేళ్లతో పట్టుకుంటే రంగు లేచిపోతుంది. అందుకని నలుగురైదుగురు సిపాయిల్ని ఒక పలచటి చెక్క ముక్క మీద నిలబెడతారు. చెక్క అడుగున అయస్కాంతపు షీటు అతికిస్తారు. రేకు పళ్లెంలో పెడితే కదలరు, పడరు. జరపాలంటే చెక్కనే పట్టుకుంటారు గానీ బొమ్మను ముట్టరు. కావాలనుకున్నప్పుడు ఊడదీసేలా జిగురు వేయడమే ఇక్కడి నేర్పు.

వెయ్యాలా? వద్దా?

బొమ్మల వాళ్లంతా గొడవపడే సంగతొకటుంది. రంగు లేచిపోయిన పాత సిపాయికి కొత్త రంగు వెయ్యాలా, వద్దా?

వద్దనేవాళ్ల వాదన ఇదీ: ఆ రంగు వేసింది వందేళ్ల కిందటి కార్మికులు. బ్రిటన్స్ సంస్థకు ఎందరో ఆడవాళ్లు ఇళ్ల దగ్గరే కూర్చుని రంగులేసి ఇచ్చేవారు. ఒక్క కుంచె గీతతో వాళ్లు దిద్దిన మీసం, రెండు చుక్కలతో పెట్టిన కళ్లు మళ్లీ రావు. పైన కొత్త రంగు పడితే ఆ చేతిపని చచ్చిపోతుంది. అమ్మబోతే ధరా పడిపోతుంది.

వెయ్యాలనేవాళ్లు ఊరుకుంటారా? సిపాయి పుట్టిందే ఆటకు, ఆడని బొమ్మ బొమ్మేనా అంటారు. చివరికి చాలామంది మధ్యేమార్గం పట్టారు. అసలు రంగు సగానికి పైగా మిగిలుంటే ముట్టుకోరు. దుమ్ము తీసి, అవసరమైతే తర్వాత తొలగించడానికి వీలయ్యే వార్నిష్ పూస్తారు. రంగు పూర్తిగా పోయి, చేతులూ కాళ్లూ విరిగి, ఎవరూ కొననివాటికి మాత్రం కొత్త రంగేసి ఆటకు దించుతారు. తక్కువపడ్డవాళ్లను కొత్తగా పోసుకుంటారు. రబ్బరు అచ్చులూ, త్రీడీ ప్రింటర్లూ వచ్చాక ఆ పని తేలికైంది.

ఇంత ప్రేమ ఎందుకంటే... ఒక్కో సేకరణ వెనుక ఒక్కో జీవితం ఉంది. బ్రిటిష్ సైనికాధికారి విలియం సైబోర్న్ కథే చూడండి. 1815 నాటి వాటర్లూ యుద్ధాన్ని బొమ్మల్లో చూపించాలని ఆయన నెలల తరబడి ఆ రణరంగంలోని పొలం ఇంట్లోనే మకాం వేసి నేలంతా కొలిచాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాసి వివరాలు రాబట్టాడు. 70 వేలకు పైగా చిన్న చిన్న బొమ్మలతో తయారైన ఆ నమూనాను 1838లో లండన్‌లో ప్రదర్శనకు పెడితే లక్షమంది దాకా చూశారు. అయినా సైబోర్న్‌కు మిగిలింది అప్పులే. పైగా ప్రష్యన్ సేనలు ఎంతమంది, ఎక్కడ నిలబడ్డారన్న గొడవ. గెలుపులో వాటా ఎవరిదన్నది ఆ బొమ్మల్ని బట్టి తేలుతుంది మరి! చివరికి చాలా ప్రష్యన్ బొమ్మల్ని ఆయనే తీసేశాడు. 1849లో ఆయన కన్నుమూశాడు. ఆ నమూనా ఇప్పుడు లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది.

బల్ల మీద ఎవర్ని నిలబెడతాం, ఎవర్ని తీసేస్తాం అన్నది చిన్న విషయం కాదని సైబోర్న్ కథ చెబుతుంది. మనవాడి సంగతి ఇక్కడే వస్తుంది.

పెట్టె అడుగున మనవాడు

బ్రిటన్స్ సంస్థ 1890లలోనే భారతీయ సైన్యం బొమ్మలు కూడా పోసింది. వాటిలో ఒక పెట్టె పేరు మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ. తలపాగా చుట్టుకుని, తుపాకీ పట్టుకుని నడిచే సిపాయిలు. అంటే లండన్‌లో క్రిస్మస్‌కు పిల్లలు విప్పిన పెట్టెల్లో మద్రాసు సైన్యపు సిపాయిలూ ఉన్నారన్నమాట.

మద్రాసు సైన్యమంటే ఒక్క మద్రాసు నగరానిది కాదు. ఉత్తర సర్కారుల నుంచి, రాయలసీమ నుంచి వెళ్లిన తెలుగువాళ్లు, తమిళులు, ముస్లింలు అందరూ అందులో ఉన్నారు. బళ్లారి, వెల్లూరు, బెంగళూరు, బరంపురం, జాల్నా... ఎక్కడ దండు దిగితే అక్కడికి సిపాయిలు పెళ్లాం పిల్లలతో సహా వెళ్లేవారు. సరిహద్దుకు ఇవతల మన పాత వీధులు కొన్నింటికి వేర్లు ఆ దండు బాటలోనే ఉన్నాయి.

అసలు సిపాయి అనే మాటకు ఉత్తరాదిన ఒకప్పుడు వాడిన పేరేమిటో తెలుసా? తిలంగా! 1756-57లో రాబర్ట్ క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్‌కు వెళ్లినప్పుడు వెంట దక్షిణాది సిపాయిలు వెళ్లారు. తెలంగ దేశం నుంచి వచ్చినవాళ్లు కాబట్టి అక్కడివాళ్లు తిలంగాలన్నారు. తర్వాత అవధ్ రైతుబిడ్డలు చేరి సైన్యం మారిపోయినా పేరు మాత్రం పోలేదు. కంపెనీ కోటు తొడుక్కున్న ప్రతివాడూ తిలంగాయే. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిలను కూడా ఊరి జనం తిలంగాలనే పిలిచారు. వాళ్లలో దాదాపు ఎవరికీ తెలుగు ముక్క రాదు!

ఇంత పేరున్నవాడి చివరి అంకం మాత్రం చేదుగా ఉంది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి సేనానిగా ఉండి, తర్వాత భారత సైన్యానికే అధిపతి అయిన ఫ్రెడరిక్ రాబర్ట్స్‌కు దక్షిణాది సిపాయి యుద్ధానికి పనికిరాడని గట్టి నమ్మకం. ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతం అప్పుడు జోరందుకుంది. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లకు తలుపులు తెరిచి, దక్షిణాదివాళ్లకు మూశారు. శతాబ్దం ముగిసేసరికి తెలుగువాళ్లకు సైన్యంలో చోటు దాదాపు లేకుండా పోయింది. అంటే లండన్ బొమ్మల కంపెనీ మద్రాసు సిపాయిని సీసంతో పోసి పెట్టెలో సర్దుతున్న రోజుల్లోనే, అసలు సైన్యం ఆ సిపాయిని ఇంటికి పంపుతోంది.

టోపీ మారితే తంటా

పాత సేకరణను మళ్లీ ఆటకు దించేవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. మద్రాసు సిపాయి నిజంగా పోరాడిన పెద్ద యుద్ధాలు 19వ శతాబ్దం మొదట్లోవి. పెట్టెలో బొమ్మ శతాబ్దం చివరిది. మధ్యలో 90 ఏళ్లు. 1803లో ఆ సిపాయి వేషమే వేరు. ఎర్రటి పొట్టి కోటు, మోకాళ్ల దాకా తెల్ల లాగు, తలకు నీలం పాగా, కాళ్లకు చెప్పులు. 1890ల బొమ్మ నిండు పంట్లాం తొడుక్కుని ఉంటుంది. ‘పాగా ఏదైతేనేం, కానిచ్చేద్దాం’ అంటే కుదరదా?

కుదరదు. పాగా కోసమే ఒక తిరుగుబాటు జరిగింది మరి. కొత్తరకం తలపాగా పెట్టుకోవాలని, నుదుట బొట్టూ నామాలూ ఉండకూడదని, గడ్డాలు తీసేయాలని మద్రాసు సైన్యంలో హుకుం జారీ అయింది. ఆ కొత్త పాగాకు తోలు ముక్క ఉంటుందని తెలిసి హిందువులూ, ముస్లింలూ ఇద్దరూ రగిలిపోయారు. 1806 జులై 10 తెల్లవారుజామున వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడి తెల్ల దండులో చాలామందిని మట్టుబెట్టారు. ఆర్కాటు నుంచి గుర్రపుదళం వచ్చి కోటను తిరిగి పట్టుకుంది. వందల మంది సిపాయిలు చచ్చిపోయారు. 1857కు అర్ధశతాబ్దం ముందటి మాట ఇది. వెల్లూరులో ఉంటున్న తెలుగువాళ్లు రోజూ చూసే కోటే అది. అందుకే మద్రాసు సిపాయి బొమ్మకు పాగా చుట్టేటప్పుడు అది 1806కు ముందుదో, తర్వాతదో చూసుకోవాలంటారు తెలిసినవాళ్లు.

ఈ చిక్కుకు ఆటగాళ్లు కనిపెట్టిన దారి బాగుంది. 1890ల బొమ్మకు రంగు మార్చరు. దాన్ని దాని కాలంలోనే ఉంచి గౌరవిస్తారు. 1803 నాటి ఆటకు కొత్త బొమ్మల్ని పోసి, సరైన పాగాతో నిలబెడతారు.

బల్ల మీద అసాయే

మద్రాసు సిపాయిని నిలబెట్టడానికి తగ్గ యుద్ధం అసాయే. 1803 సెప్టెంబరు 23న ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నా జిల్లాలో జరిగింది. ఒకవైపు సింధియా, నాగపూరు భోంస్లేల మరాఠా సేనలు. రెండోవైపు ఆర్థర్ వెల్లెస్లీ. తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ ఆయనే. వెల్లెస్లీ దగ్గర ఉన్నది ఏడు వేల మంది దాకా. తెల్ల రెజిమెంట్లు మూడే. మిగతావాళ్లలో ఎక్కువమంది మద్రాసు సైన్యపు సిపాయిలే. ఎదుట శిక్షణ పొందిన పదాతి దళమే పదివేలకు పైచిలుకు. ఫిరంగులు, గుర్రపుదళాలు అదనం.

దీన్ని బల్ల మీద ఎలా ఆడతారు? ఒక్కో బొమ్మ 20 మందికి లెక్క అనుకుంటే వెల్లెస్లీ సేనకు 350 బొమ్మలు కావాలి. మరాఠా పదాతి దళానికే 500కు పైగా. కైల్నా నదిని నీలం గుడ్డతో పరుస్తారు. నది దాటడానికి రేవు లేదని దారి చూపేవాళ్లు చెప్పినా, ఎదురెదురు ఒడ్డుల మీద రెండు ఊళ్లుంటే మధ్యలో రేవు లేకుండా ఉంటుందా అని వెల్లెస్లీ ఊహించాడు. రేవు దొరికింది. బల్ల మీద ఆ తెలివితేటలు ఆటగాడికి ఉండాలి, పాచిక కూడా కలిసి రావాలి.

ఇక అసలు పరీక్ష నది దాటాక. మరాఠా ఫిరంగుల ముందు పదాతి దళం నడవాలి. పాచిక వేసినప్పుడల్లా బల్ల మీంచి బొమ్మలు లేచిపోతుంటాయి. ఆ రోజు నిజంగా వెల్లెస్లీ సేనలో చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి దాదాపు 1,600 మంది. 20కి ఒకటి లెక్కన 80 బొమ్మలు. ఆట అయ్యేసరికి ఆ 80 పక్కనున్న పళ్లెంలో పడుకుని ఉంటాయి. ‘గెలిచాం’ అని లేవబోయిన ఆటగాడు ఆ పళ్లెం చూసి కాసేపు కూర్చుండిపోతాడు. పుస్తకంలో ఒక అంకెగా చదివితే తెలియని సంగతి అది. వెల్లింగ్టన్ కూడా పెద్దయ్యాక తన యుద్ధాల్లో అసాయేనే గొప్పగా చెప్పుకున్నాడు.

అసాయేలో పోరాడిన దళాలకు ఏనుగు గుర్తు ఇచ్చారు. ఇవాళ మద్రాస్ రెజిమెంటు చిహ్నంలో ఉన్నది ఆ అసాయే ఏనుగే. పనికిరారని పక్కన పెట్టిన దక్షిణాది సిపాయిలే రెండు ప్రపంచ యుద్ధాల్లో మళ్లీ కావలసి వచ్చారన్నది వేరే కథ.

పేరు రాసిన చెక్క

ఆటగాళ్లలో ఒక మంచి అలవాటుంది. సిపాయిల్ని నిలబెట్టిన చెక్క వెనక అంచున ఆ దళం పేరు రాస్తారు. హైలాండర్ల చెక్క మీద వాళ్ల పేరు ఎప్పుడూ ఉంటుంది. మద్రాసు దళాలకు మాత్రం చాలా బల్లల మీద ‘సిపాయిలు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తుంటారు. శ్రద్ధ ఉన్నవాళ్లు ఇప్పుడు ఆ తప్పు దిద్దుతున్నారు. ‘8వ మద్రాసు దేశీ పదాతి దళం, మొదటి పటాలం’ అని పూర్తిగా రాస్తున్నారు. ఎవరి పేరూ తెలియకపోయినా పటాలం పేరైనా మిగులుతుంది.

జాల్నా వైపు ఉంటున్నవాళ్లకు అసాయే ఊరు బస్సు దూరమే. వెల్లూరు కోట, బెంగళూరు దండు, బళ్లారి కంటోన్మెంటు మన కళ్ల ముందే ఉన్నాయి. ఈసారి కొలువు పెట్టేటప్పుడు పల్లకీ వెనక, బ్యాండుమేళం పక్కన ఎర్రకోటు సిపాయి బొమ్మ ఉంటే ఓసారి చేతిలోకి తీసుకుని చూడండి. పిల్లలు ఎవరని అడిగితే, ‘తిలంగా’ అని చెప్పండి.

పాత బొమ్మలుంటే ఇవి మరవద్దు

* సీసపు బొమ్మల్ని చిన్నపిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వొద్దు. నోట్లో పెట్టుకుంటే విషం. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.

* తెల్లపొడి కనిపిస్తే ఊదొద్దు, గీకొద్దు. సాండ్‌పేపర్ అసలే వద్దు.

* కొత్త ప్లైవుడ్ బీరువాలో, బిగుతైన చెక్కపెట్టెలో దాచొద్దు. తేమ తగలనివ్వొద్దు.

* పెట్టె, చీటీ, చుట్టిన కాగితం... ఏదీ పారేయొద్దు. బొమ్మ చరిత్ర వాటి మీదే ఉంటుంది.

* రంగు వేయాలనిపిస్తే తెలిసినవాళ్లకు చూపించాకే కుంచె పట్టండి. వేశాక తీయడం కష్టం.

* ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, బొమ్మ ఎక్కడిది, ఎవరు తెచ్చారు అన్నది కాగితం మీద రాసి పెట్టెలోనే ఉంచండి.